విస్కీ పోసిన పెకాన్ పై... బాబాయి వేసిన ప్రశ్న!

తెలుగు సినిమాలో విస్కీ సీసా కనిపించిందంటే రెండే రెండు అర్థాలు. ఒకటి - కథ విలన్ డెన్‌లోకి వచ్చింది, ఎర్రలైట్లు వెలిగాయి, ఇంకో నిమిషంలో క్లబ్ డాన్స్ మొదలవుతుంది. రెండోది - హీరోగారి గుండె పగిలింది. అంతేగాని వంటింట్లో పోపుల డబ్బా పక్కన విస్కీ సీసా నిలబడిన షాటు మన వెండితెర మీద నేనైతే చూడలేదు. ఏ దర్శకుడైనా సాహసించి పెట్టినా, ఆ ఇంటి అత్తగారు సూర్యకాంతమ్మగారైతే సీసాతో పాటు అల్లుడి తల కూడా పగిలేది!

కిందటి నవంబరులో సరిగ్గా అలాంటి షాటే మా వంటింట్లో జరిగింది. నేనుండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ దగ్గర. నవంబరు నాలుగో గురువారం ఇక్కడ థాంక్స్‌గివింగ్ పండుగ. మనకి సంక్రాంతికి అరిసెలెలాగో, ఆ రోజు వీళ్లకి "పై" అలాగ. బాబాయీ పిన్నీ తెనాలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు. అందరికీ మా ఇంట్లోనే భోజనాలు. నేను అప్రన్ కట్టుకుని, చేతులకి మైదా పూసుకుని, పోపుల డబ్బా పక్కన విస్కీ సీసా పెట్టుకుని, పెకాన్ పై తయారీలో మునిగి ఉన్నాను.

అప్పుడు వంటింటి గుమ్మంలోకి బాబాయి వచ్చాడు. సీసా వైపు చూశాడు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

ఆ ప్రశ్న సంగతి తర్వాత. ముందు అసలు ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందో మనవి చేసుకుంటాను.

ఒక సీను చేసిన పని

తప్పంతా సినిమాదే! 1989లో రాబ్ రైనర్ దర్శకత్వంలో వచ్చిన "వెన్ హ్యారీ మెట్ శాలీ" మీలో చాలామంది చూసే ఉంటారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక సీనుంది. హ్యారీగా వేసిన బిల్లీ క్రిస్టల్ ఒక వింత యాస పెట్టి, "పెకాన్ పై" అన్న మాటని సాగదీసి, శాలీ చేత మళ్లీ మళ్లీ పలికిస్తాడు. అందులో కొన్ని మాటలు క్రిస్టల్ అప్పటికప్పుడు కల్పించినవే. మెగ్ రయాన్ నిజంగానే నవ్వేసి, కెమెరా పక్కనున్న డైరెక్టరు వైపు ఒక్క క్షణం చూస్తుంది. ఆ చూపు కట్ చెయ్యకుండా సినిమాలో అలాగే ఉంచేశారు. ఈసారి చూసినప్పుడు కనిపెట్టండి!

ఆ సీను చూసిన రోజునుంచీ నాకు అనుమానం. అంత ముచ్చటగా పలికే ఆ పదార్థం రుచి ఎలా ఉంటుందా అని.

హాలీవుడ్‌కి పై అంటే వట్టి తిండి కాదండోయ్. 1945లో వచ్చిన "మిల్డ్రెడ్ పియర్స్"లో జోన్ క్రాఫర్డ్ మొగుడు వెళ్లిపోయాక పైలూ కేకులూ చేసి అమ్మి కూతుళ్లని పెంచుతుంది. ఆ వేషానికి ఆమెకి ఆస్కార్ వచ్చింది. 2007లో విడుదలైన "వెయిట్రెస్"లో కెరీ రస్సెల్ తన కష్టాలన్నిటినీ రకరకాల పైలుగా మలుస్తుంది. దాన్ని రాసి, దర్శకత్వం వహించి, ఒక పాత్ర కూడా పోషించిన ఏడ్రియన్ షెల్లీ 2006 నవంబరులో హత్యకి గురైంది. పాపం, తన చిత్రం విడుదల కావడం తను చూడలేదు.

పై అంటే ఏమిటని అడిగేవారికి మన భాషలో చెబుతాను. కజ్జికాయ ఉంది కదా? దాన్ని పళ్లెమంత పెద్దది చేసి, మూత తీసేసి, లోపల కొబ్బరి బదులు పాకంలో ముంచిన పప్పులు పోసి, నూనెలో కాకుండా ఓవెన్‌లో కాల్చండి. అదే పెకాన్ పై!

తెర మీదికి రాని తోటమాలి

పెకాన్ గింజ అక్రోటుకి దగ్గర చుట్టం. పుట్టిల్లు ఉత్తర అమెరికాయే. మిసిసిపీ లోయలోనూ టెక్సాస్ నదుల ఒడ్డునా అడవిలో పెరిగేది. 1919లో టెక్సాస్ దీన్ని తన రాష్ట్ర వృక్షంగా ప్రకటించుకుంది. మా వీధి చివర కూడా ఒక చెట్టుంది. నవంబరు వచ్చేసరికి ఉడతలూ మేమూ పోటీలు పడి ఏరుకుంటాం. సాధారణంగా ఉడతలదే గెలుపు!

అడవి పెకాన్ పెంకు గట్టిది, గింజ చిన్నది. ఇప్పుడు మనం చేత్తో చిదుముకునే పల్చని పెంకు రకాలకి దారి చూపించినవాడు ఒక బానిస. పేరు ఆంట్వాన్. ఇంటిపేరు లేదు, బానిసలకి ఎవరు రాసిపెడతారు? లూసియానాలోని ఓక్ ఆలీ తోటలో అతను తోటమాలి. 1846 ప్రాంతంలో మేలురకం పెకాన్‌ని అంటు కట్టి విజయం సాధించాడు. ఆ రకానికి 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా శతవార్షిక ప్రదర్శనలో బహుమతి వచ్చింది. "సెంటెనియల్" అని పేరు కూడా పెట్టారు. తోటమాలి పేరు మాత్రం పెట్టలేదు!

సినీ ప్రియులకి ఒక విశేషం. టామ్ క్రూజ్, బ్రాడ్ పిట్ నటించిన "ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్" (1994) చూశారా? అందులో బ్రాడ్ పిట్ పాత్ర ఉండే తెల్లస్తంభాల భవనం ఈ ఓక్ ఆలీయే. వాంపైర్లకి ఆ ఇంట్లో వేషం దొరికింది. ఆంట్వాన్ కథ తీసేవాళ్లు ఇంకా దొరకాలి.

ఇక పాకం సంగతి. కారో అనే మొక్కజొన్న సిరప్ 1902లో బజారులోకి వచ్చింది. 1930ల నాటికి ఆ కంపెనీవాళ్లు పెకాన్ పై తయారీని తమ సీసాల ద్వారా ఊరూరా ప్రచారం చేశారు. ఈ వంటకం ఇంటింటికీ పాకడంలో అమ్మమ్మల పాత్ర ఎంతో, కంపెనీ పాత్రా అంతే.

మరి విస్కీ? దక్షిణాది రాష్ట్రాల్లో, ముఖ్యంగా కెంటకీలో దొరికే విస్కీ పేరు బర్బన్. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలి వైపు మంటతో కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ చెయ్యాలి. ఇవి చట్టం పెట్టిన షరతులు. ఆ కాలిన చెక్కలోంచి వెనిల్లా వాసన, మాడిన పంచదార వాసన విస్కీలోకి దిగుతాయి. వేయించిన పప్పుకీ ముదురు పాకానికీ ఆ వాసన మేనరికం సంబంధంలా కుదిరిపోతుంది. అక్కడి వంటిళ్లలోకి సీసా వచ్చింది అందుకు!

ఇక తయారీ

కాగితం పెన్సిలూ తీసుకోండి.

అడుగు రొట్టెకి: మైదా 160 గ్రాములు, ఉప్పు అర చెంచా, పంచదార ఒక చెంచా, గట్టిగా చల్లబడ్డ వెన్న 115 గ్రాములు, ఐసు నీళ్లు మూడు నాలుగు పెద్ద చెంచాలు. వెన్నని ముక్కలు కోసి మైదాలో వేసి వేలికొసలతో నలపండి. రవ్వలా పొడిపొడిగా, మధ్యలో శనగపప్పంత వెన్న బిళ్లలు మిగిలి ఉండాలి. ఆ బిళ్లలే ఓవెన్‌లో కరిగి పొరలు విడదీస్తాయి. నీళ్లు చిలకరించి ముద్ద చెయ్యండి. చపాతీ పిండిలా పిసికారో, అడుగు రొట్టె తోలు చెప్పయిపోతుంది! గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, అప్పడాల కర్రతో ఒత్తి, 9 అంగుళాల గాజు పళ్లెంలో పరవండి. దాని మీద బేకింగ్ కాగితం వేసి, ఎండు శనగలు బరువుగా పోసి, 200 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 15 నిమిషాలు కాల్చి, కాగితం శనగలతో సహా తీసెయ్యండి.

లోపలికి: గుడ్లు 3, మొక్కజొన్న సిరప్ 240 మిల్లీలీటర్లు, బ్రౌన్ షుగర్ 150 గ్రాములు, కరిగించిన వెన్న 60 గ్రాములు, ఉప్పు అర చెంచా, వెనిల్లా ఎసెన్సు ఒక చెంచా, దోరగా వేయించిన పెకాన్లు 200 గ్రాములు, బర్బన్ 30 మిల్లీలీటర్లు. వెన్న వేడిగా ఉండగా గుడ్లలో పొయ్యకండి, ఆమ్లెట్టు అవుతుంది. అన్నీ కలిపి, పప్పు వేసి, 175 డిగ్రీల దగ్గర 50 నుంచి 60 నిమిషాలు కాల్చాలి. అంచులు గట్టిపడి నడుమ మాత్రం కొంచెం వణుకుతుండగానే బయటికి తీసెయ్యాలి. ఆ తర్వాత కనీసం నాలుగు గంటలు చల్లారనివ్వాలి. మొదటిసారి చేసినప్పుడు నేను ఆత్రం ఆపుకోలేక వేడిమీదే కోశాను. పాకం గోదారి వరదలా వచ్చి బల్లంతా పారింది. గరిటెలతో తాగాం!

ఆంధ్రలో ఉన్నవారు దిగులు పడనక్కర్లేదు. పెకాన్ల బదులు అక్రోట్లు వెయ్యండి. సిరప్ బదులు బెల్లం పాకం పట్టండి. తీగ పాకం రాకముందే, తేనెలా జారుతుండగా దించి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, పూర్తిగా చల్లార్చి వాడండి. విశాఖలో ఉన్న మా చెల్లెలు అలా చేసింది. భేషుగ్గా కుదిరిందట.

బాబాయి ప్రశ్న

ఇప్పుడు మళ్లీ మా వంటింటి గుమ్మంలోకి రండి. గుడ్లు గిలక్కొట్టాను. పాకం కలిపాను. విస్కీ కొలిచి గిన్నె మీదికి చెంచా ఎత్తాను. బాబాయి అడిగాడు.

"ఒరే అబ్బాయ్, అది నేను తినొచ్చా?"

మా బాబాయి తాగుడు మానేసి పదకొండేళ్లయింది. మానేసిన రోజు కాలెండరు కాగితం పిన్ని ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద దాచుకుంది. అంతకు ముందు రోజులెలా ఉండేవో రాయను. ఆ ఇంట్లో సాయంత్రం ఆరయ్యేసరికి అందరూ గడియారం వైపు చూసేవారని చెబితే చాలనుకుంటాను.

నేను పెద్ద తెలిసినవాడిలా, "గంటసేపు ఓవెన్‌లో ఉంటుంది కదా బాబాయ్. ఆల్కహాలంతా ఎగిరిపోతుంది. వాసన మాత్రం మిగులుతుంది," అన్నాను.

"నిజంగానా? నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?"

చూడలేదు. ఎవరో చెప్పారు. వాళ్లకి ఇంకెవరో చెప్పారు. పదిమందీ అనేమాటే నేనూ అన్నాను. చెంచా కింద పెట్టి చేతులు కడుక్కుని వెతికాను. తీరా చూస్తే... అమెరికా వ్యవసాయ శాఖవారి పట్టికే ఉంది! పదార్థంలో కలిపి కాచినా కాల్చినా, 15 నిమిషాల తర్వాత 40 శాతం ఆల్కహాలు మిగులుతుంది. అరగంటకి 35 శాతం. గంటకి 25 శాతం. రెండున్నర గంటలు కాగినా 5 శాతం ఉంటుంది. "అంతా ఎగిరిపోవడం" అనేది ఆ పట్టికలో ఎక్కడా లేదు.

ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది కదా, మరెందుకు మిగులుతుందంటారేమో. విడిగా ఉంటే 78కే మరుగుతుంది. ఇక్కడ నీళ్లతో, పాకంతో కలిసిపోయి ఉంటుంది. పైగా లోతు పళ్లెం, మీద పప్పు పొర. ఆవిరి బయటపడే దారి తక్కువ. హౌస్‌ఫుల్ అయిన హాల్లోంచి ఒకే తలుపు గుండా జనం బయటికి వచ్చినట్టు!

లెక్క కట్టాను. 45 శాతం బలమున్న విస్కీ 30 మిల్లీలీటర్లలో ఆల్కహాలు 13.5. అందులో నాలుగో వంతు అంటే సుమారు 3.4. ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకి అర మిల్లీలీటరు కూడా లేదు. ఇదే బాబాయికి చెప్పాను. "చాలా చిన్న లెక్క బాబాయ్," అన్నాను.

బాబాయి నవ్వాడు. "లెక్క నీకు చిన్నదేరా. నా నాలిక్కి లెక్కలు రావు," అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అరుగుదల సంగతి కాదది. పదకొండేళ్లుగా మూసి ఉంచిన తలుపు. అవతలి నుంచి వాసనొచ్చి తట్టినా తట్టినట్టే. తియ్యాలో వద్దో తేల్చుకోవలసింది ఆయన. నేను "అంతా పోతుందిలే" అని పళ్లెం చేతికిచ్చి ఉంటే, ఆ తేల్చుకునే అవకాశం ఆయన చేతిలోంచి నేనే లాక్కున్నవాణ్ణి అయ్యేవాణ్ణి.

రెండో పై

ఆ రోజు రెండు పైలు చేశాను. మొదటిది అనుకున్నట్టే విస్కీతో. రెండోదాంట్లో విస్కీ బదులు 30 మిల్లీలీటర్ల చిక్కటి ఫిల్టరు కాఫీ డికాషన్ పోశాను. వెనిల్లా ఎసెన్సు వెయ్యబోయి సీసా చదివాను. అమెరికా చట్టం ప్రకారం అసలైన వెనిల్లా ఎక్‌స్ట్రాక్ట్‌లో కనీసం 35 శాతం ఆల్కహాలు ఉండాలి! అదీ పక్కన పెట్టి పావు చెంచా ఏలకుల పొడి వేశాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, డికాషన్ చేదు ఆ తీపిని పట్టి నిలబెట్టింది. విస్కీ పైని మించిపోయిందని మా మరదలు తీర్పు చెప్పింది.

మీగడ కూడా రెండు గిన్నెల్లో గిలక్కొట్టాను. ఇక్కడ కొందరు మీగడలో కూడా బర్బన్ కలుపుతారు. అది పొయ్యి ఎక్కదు కనక పోసినదంతా అందులోనే ఉంటుంది. మా ఇంట్లో పిల్లలున్నారు. అందుకని మీగడలో అసలు కలపలేదు. మొదటి పై ముందు ఒక అట్టముక్క నిలబెట్టి పెద్ద అక్షరాలతో రాశాను - "దీన్లో విస్కీ ఉంది."

అది చదివి బాబాయి, "సినిమా పోస్టరులా బాగుందిరా," అన్నాడు.

భోజనాలయ్యాక విస్కీ సీసా తీసుకెళ్లి పై అరలో బియ్యం డబ్బా వెనకాల పెడుతున్నాను. బాబాయి చూశాడు. "దాచక్కర్లేదు. మీ పిన్ని చాలా ఏళ్లు దాచింది. నేను వెతుక్కునేవాణ్ణి. ఉంటే ఉందని చెప్పు, చాలు," అన్నాడు.

రాత్రి సినిమా వేద్దామన్నారు పిల్లలు. ఏది వెయ్యాలో బాబాయినే అడిగాం. ఠకీమని "దేవదాసు" అన్నాడు. 1953 నాటి అక్కినేని దేవదాసు! పిన్ని మొహంలో రంగు మారింది. బాబాయి కనిపెట్టి, నెమ్మదిగా అన్నాడు:

"కాలేజీ రోజుల్లో రీరిలీజులో తొమ్మిదిసార్లు చూశాను. మా బాచ్ అంతా ఆయన గ్లాసు పట్టుకునే తీరు ప్రాక్టీసు చేశాం. ఆ సీన్లకి నాగేశ్వరరావుగారు మందు ముట్టలేదుట. రాత్రిళ్లు షూటింగు పెట్టుకుని, ముందు పెరుగన్నం తినేవాడట, కళ్లు మగతగా వాలడానికి. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. గ్లాసు అందరికీ చూపించారు. పెరుగన్నం ఎవరూ చూపించలేదురా!"

ఎవరం ఏమీ మాట్లాడలేదు. పిన్ని లేచి వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ తలుపు చప్పుడయింది. కాసేపటికి పెద్ద గిన్నె నిండా పెరుగన్నం కలిపి, పక్కన మాగాయ ముక్కలు పెట్టి తీసుకొచ్చింది. తలా ముద్ద చేతిలో పెట్టింది. మొదటి ముద్ద బాబాయికే.

సినిమా మొదలైంది. బాబాయి కళ్లార్పకుండా చూస్తూ, మధ్యమధ్య పిల్లలకి కథ చెబుతున్నాడు. డికాషన్ పై పళ్లెంలో ఒక్క పప్పు కూడా మిగల్లేదు. విస్కీ పై రెండు ముక్కలు మిగిలాయి.

అన్నట్టు, అక్కినేనివారి పెరుగన్నం కిటుకు అక్షరాలా నిజమండీ! ఇంటర్వెల్ రాకముందే నేను సోఫాలో గుర్రుపెట్టి నిద్రపోయానట.